ఎలుకలక్క దాచిన మిణుగురు చమురు

ఎలుకలక్క చేతులు చీకట్లో వెలుగుతాయన్న మాట శుద్ధ అబద్ధం. అది ఎవరి నోట పుట్టిందో గానీ, పాలబూతు దగ్గర బయలుదేరి మూడు వీధులు చుట్టి మళ్లీ పాలబూతు దగ్గరికే చేరేసరికి, చేతులతో పాటు మోచేతులు కూడా వెలగడం మొదలుపెట్టాయి. "కరెంటు పోతే ఆవిడ్ని పిలిచి గోడ పక్కన నిలబెడితే చాలు, పిల్లలు చదువుకోవచ్చు" అని మందుల షాపతని పరాచికం. "అందుకేగా, మండుటెండలో కూడా మణికట్టు దాకా చేతులున్న రవిక వేసుకుంటుంది" అని ఇస్త్రీ అతని భార్య సాక్ష్యం. ఇవి చాలవన్నట్టు ఇంకో మాట కూడా తిరుగుతోంది. మిణుగురు పురుగుల మందేదో తను పనిచేసే ల్యాబులోంచి ఎత్తుకొస్తూ దొరికిపోయిందనీ, అందుకే మెడ పట్టి గెంటేశారనీ.

పొడుగు చేతుల రవిక సంగతి ముందు తేల్చేద్దాం. లోపలున్నవి పంతొమ్మిదేళ్లు ఎలుకల్ని పట్టుకున్న చేతులు. మోచేతి దాకా గాట్లు, గీతలు. చూసినవాళ్లు "ఏమైంది, ఏమైంది" అని అడిగితే చెప్పలేక కప్పుకుంటుంది, అంతే. ఇక వెలుగు మాటకొస్తే, ఆమె పనిచేసిన చోట పుట్టే వెలుగు మనిషి కంటికి ఆననే ఆనదు. దాన్ని చూడ్డానికి గది నిండే పెట్టె ఒకటి, దాంట్లో గడ్డకట్టించినంత చల్లగా ఉంచిన కెమెరా ఒకటి కావాలి. అలాంటి వెలుగు ఒంటికి అంటుకుని వీధిలో నడిచి రావడమనేది జరిగే పని కాదు.

దొంగతనం కూడా అబద్ధమే. ఆమెను ఎవరూ గెంటలేదు. తనంతట తానే కాగితం రాసిచ్చి వచ్చేసింది. అక్కడి నుంచి ఏ మందూ ఎత్తుకురాలేదు కూడా. ఒకటి మాత్రం అక్కడే దాచింది. ఆ దాచిన దాని గురించి, అడగవలసిన మనిషి వచ్చి అడిగేదాకా, ఎవరికీ చెప్పలేదు.

ఎలుకలక్క తండ్రి ఆ పరిశోధన సంస్థ గేటు దగ్గర కాపలా ఉండేవాడు. ఆయన పోయాక కూతురికి ఆ సంస్థలోనే పని ఇచ్చారు. పదో తరగతి దాకా చదివిన పిల్ల, ఇరవై రెండేళ్లు. మొదట పంజరాలు కడగడం, పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు నింపడం. తమ్ముడికి పెళ్లి చేసింది, మరదల్ని ఇంటికి తెచ్చుకుంది, తన పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే "ముందు ఎలుకలకి తిండి పెట్టొస్తా" అని లేచిపోయేది. అలా లేచిపోతూ లేచిపోతూ నలభై దాటింది.

చెయ్యి మంచిదని మూడో ఏడే కనిపెట్టారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఎలుకను పట్టుకోబోతే అది వాళ్ల వేలు పట్టుకునేది. ఈమె ఎడంచేత్తో మెడ వెనక తోలు చిటికెలో బిగించి, తోకను చిటికెన వేలి కింద నొక్కి, తల కిందికి వంచేసరికి అది ఊగడం మానేసి చూస్తూ ఉండిపోయేది. తల వంచితే పేగులు ముందుకు జారతాయి, సూదికి దారి దొరుకుతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, వేళ్లే చెప్పాయి. దాంతో సూదులు వేసే పని, ఆ తర్వాత చీకటి గది పని ఆమెకే అప్పగించారు. ఆ గదిలోవి బొచ్చు లేని ఎలుకలు, గులాబీ రంగులో, పెద్ద పెద్ద చెవులతో. "చొక్కా వేసుకోవడం మరిచిపోయి బళ్లోకొచ్చిన పిల్లల్లా ఉంటాయి" అనేది.

మరదలికి మాత్రం ఒళ్లు మండేది. "వదినా, మీరు ఆ ఎలుకల్ని పలకరించినంత ముద్దుగా మీ తమ్ముణ్ని ఒక్కరోజు పలకరించారా?"

"వాడు నేను సూదేస్తే ఊరుకుంటాడా ఏం?"

అలాంటి ఇల్లు. పోట్లాటలున్నా పగలు లేవు.

చీకటి గదిలో జరిగేదేమిటో ఆమె చెప్పే తీరులోనే చెప్పడం మంచిది. మిణుగురు పురుగు తోకలో నిప్పు ఉండదు. అక్కడ ఉండేవి రెండు సరుకులు. ఒకటి లూసిఫరేజ్ అనే ఎంజైమ్, రెండోది దానికి ఇంధనంలాంటి లూసిఫెరిన్. రెండు పేర్లూ కవల పిల్లల్లా ఉండి కొత్తవాళ్లు తికమక పడతారని, ఎలుకలక్క మొదటిదాన్ని దీపమనీ, రెండోదాన్ని చమురనీ పిలిచేది. దీపానికి చమురు తగిలి, బతికున్న ఒంట్లోని సత్తువా కాస్త ప్రాణవాయువూ తోడైతే, వేడి లేని వెలుగు పుడుతుంది. ఇప్పుడు దాని కోసం ఎవరూ పురుగుల్ని పట్టుకోరు. ఆ దీపాన్ని ఎలా తయారుచేసుకోవాలో చెప్పే రాత ఒకటి పురుగులో ఉంటుంది. ఆ రాతను నకలు తీసి, కావలసిన కణంలో పెడతారు. అప్పుడా కణమే దీపం చేసుకుంటుంది. దాని పిల్లలూ, పిల్లల పిల్లలూ చేసుకుంటాయి.

ఆ రాతను క్యాన్సర్ కణాల్లో పెట్టి ఎలుక కడుపులోకి పంపుతారు. కడుపులో కణితి ఎంత పెరిగిందో ఎలుకను కొయ్యకుండా చూడాలంటే చమురు సూదితో ఎక్కించి, పది నిమిషాలు ఆగి, మత్తు పెట్టి, ఆ పెట్టెలో పడుకోబెట్టాలి. కంప్యూటరు తెర మీద ఎలుక బొమ్మ, దాని కడుపు మీద రంగు మచ్చ కనిపిస్తాయి. వెలుగు ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే నీలం. మందు ఇచ్చిన ఎలుకలో వారం వారం వెలుగు తగ్గుతుంటే మందు పనిచేస్తున్నట్టు లెక్క. మిగతా చోట్ల వెలుగు చూసి సంబరపడతారు, ఆ గదిలో చీకటి చూసి సంబరపడేవారు.

కళ్లజోడు అమ్మాయి ఆ గదిలోకి వచ్చేనాటికి ఎలుకలక్కకు ఆ సంస్థలో పదిహేడేళ్లు నిండాయి. పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుందామని వచ్చిన పిల్ల. మొదటిరోజే ఎలుక కరిచింది. ఏడుస్తుందేమో అనుకుంటే, రక్తం కారుతున్న వేలు పైకెత్తి, "అక్కా, దీనికి నా మీద కోపమా, మొత్తం సైన్సు మీద కోపమా?" అంది. ఎలుకలక్క పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బా మూత మీద తిన్నారు. ఎలుకను ఎలా పట్టుకోవాలో ఈమె నేర్పింది. దీపం, చమురు తప్ప తెలియని ఈమెకు, ఆ రాత ఎక్కడిది, కణంలోకి ఎలా వెళ్తుంది, అన్నీ ఆ పిల్ల బొమ్మలు గీసి చెప్పింది. పక్క గదిలో తెల్ల పలకల మీద తొంభై ఆరు చిన్న గుంటల్లో కణాలు పెంచి, కణంలో ఏ రాత మేలుకుందో ఏది నిద్రపోతోందో ఇదే వెలుగుతో కనిపెడతారని చూపించి, ఆ లెక్కల మిషను నడపడం కూడా నేర్పింది.

ఆ పిల్ల పరీక్షిస్తున్న మందుకి పది ఎలుకలు. మందు ఇవ్వనివి అయిదు, పై అరలో. ఇచ్చినవి అయిదు, కింది అరలో. ప్రతి సోమవారం ఫొటోలు. పై అర ముందు, కింది అర తర్వాత.

ఇక్కడే ఎలుకలక్క ఇంటి అలవాటొకటి చెప్పాలి. స్నానాల గదిలో సబ్బు అరిగి బిళ్లగా మారితే పారేయదు. కొత్త సబ్బు వీపుకి అతికిస్తుంది. మరదలు చూసి "వదిన సబ్బులకి పెళ్లిళ్లు చేస్తోంది" అని వీధంతా చెప్పేది. దారం ముక్క, కాగితం వెనక వైపు, కాలిన అగ్గిపుల్ల, ఏదీ ఆమె చేతిలోంచి చెత్తబుట్టలోకి వెళ్లేది కాదు. తండ్రి ఒక్కడి సంపాదన మీద పెరిగిన ఇంట్లో వచ్చిన బుద్ధి అది, ఎవరూ తప్పనలేరు.

ఆ చమురు లేత పసుపు రంగు నీళ్లలా ఉంటుంది. చిన్న చిన్న సీసాల్లో గడ్డకట్టించి, వెలుతురు తగలకుండా దాస్తారు. సీసా ఒకసారి కరిగితే ఆ రోజే వాడాలి. మిగిలితే పారబోయాలి. గోడ మీద కాగితం అంటించి మరీ రాశారు. కానీ ఒకరోజు సమావేశంలో పెద్ద సార్, ఆ ల్యాబంతటికీ అధిపతి, చెయ్యి ఊపుతూ గట్టిగా అన్నాడు: "ఆ సీసా ఒక్కొక్కటీ ఎన్ని నెలలు ఎదురుచూస్తే వస్తోందో తెలుసా మీకు? ఒక్క చుక్క వృథా అయినా నేనూరుకోను!"

ఆ మాట అందరూ విన్నారు. పట్టించుకున్నది మాత్రం ఒక్క ఎలుకలక్కే.

ఆ సోమవారం నుంచి, ఎవరి పనికి విప్పిన సీసా అయినా, అడుగున మిగిలిన చుక్కల్ని పారబోయడం మానేసింది. అన్నీ ఒక గొట్టంలో పోసి, కాగితం చుట్టి, ఫ్రిజ్ తలుపు అరలో నిలబెట్టింది. ప్రతి వారం దానికి కాస్త కలిపింది. కొత్త సీసా విప్పితే పై అర ఎలుకలకు సరిపోయేది. కింది అర దగ్గరికి వచ్చేసరికి తక్కువయ్యేది. ఆ తక్కువకి ఇంకో సీసా విప్పడమెందుకు, ఉందిగా గొట్టంలో? కింది అరకి చాలావరకు దాంట్లోంచే ఎక్కించేది. చేసిన పని దాచాలనుకోలేదు. పొదుపుకి మెచ్చుకోలు అడగడం చిన్నతనమనిపించి చెప్పలేదు, అంతే.

వారం వారం కింది అర ఎలుకల మచ్చ ఎరుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి నీలానికి దిగింది. ఆరో సోమవారం తెర మీద అయిదు ఎలుకలు దాదాపు మచ్చ లేకుండా బోసిగా కనిపించాయి. పెద్ద సార్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. తలుపు తీసి వరండాలో ఉన్నవాళ్లందర్నీ పిలిచాడు. కళ్లజోడు అమ్మాయి ఎలుకలక్క మెడ చుట్టూ చేతులు వేసి, కళ్లజోడు ఈమె చెంపకి గుచ్చుకుంటున్నా వదలకుండా, "అక్కా, అంతా నీ చేతి చలవ!" అంది.

అప్పుడే ఒకటి జరిగింది. మత్తు దిగుతున్న ఎలుకల్ని పంజరాల్లోకి మారుస్తూ, చెవికి గుర్తుగా రెండు గంట్లున్న ఎలుకను అరచేతిలోకి తీసుకుంది ఎలుకలక్క. అది కింది అరది, తెర మీద బోసిగా వచ్చినది. బొటనవేలి కింద దాని కడుపులో గట్టిగా ఏదో తగిలింది. శనగగింజంత. ఒకసారి నొక్కింది. జారలేదు. పేగులోని పెంటికైతే జారుతుంది. అన్నేళ్ల వేలికి ఆ తేడా తెలుసు. వెనక్కి తిరిగి చూసింది. అందరూ తెర ముందు గుమిగూడి నవ్వుతున్నారు. అంత పెద్ద మిషను లేదన్నదాన్ని నా వేలు ఉందంటే ఎవరు నమ్ముతారు అనుకుంది. ఎలుకను పంజరంలో దింపింది. ఆ వారం చివర, పని పూర్తయిన ఎలుకల్ని నొప్పి లేకుండా నిద్రపుచ్చేటప్పుడు, మిగతా నాలుగింటి కడుపులూ తడిమింది. రెండింటిలో గింజలున్నాయి.

"ఆ రోజు కోసి చూపించి ఉంటే సరిపోయేది," అని చాలా కాలానికి, వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మతో అంది ఒకసారి. ఏం కోయాలో, ఎవరికి చూపించాలో టైలరమ్మకు అర్థం కాలేదు. ఏదో బట్ట సంగతనుకుంది.

చీకటి చూసి మందు పనిచేసిందన్నారు. కానీ చమురు అందకపోయినా దీపం వెలగదు. వెలగనంత మాత్రాన అక్కడ దీపం లేనట్టు కాదు. ఈ ముక్క ఆ గదిలో అందరికంటే బాగా తెలిసింది ఎలుకలక్కకే. తెలిసిన మనిషే మరిచింది.

కళ్లజోడు అమ్మాయి వేదికలెక్కి మాట్లాడింది. సైన్సు పత్రికలో ఆ ఫలితం ఫొటోలతో సహా వచ్చింది. ఎనిమిది నెలలు గడిచాక వేరే దేశంలో ఒక ల్యాబువాళ్లు అదే మందుతో అదే పని చేసి చూశారు. వాళ్ల ఎలుకల్లో వెలుగు రవంత కూడా తగ్గలేదు. మళ్లీ చేశారు. మళ్లీ అంతే. ఉత్తరాలు నడిచాయి. నచ్చిన ఫొటోలు ఏరి పెట్టి, నచ్చనివి తీసేసిందని ఆ పిల్ల మీద అనుమానం మొదలైంది. మొదట చెవుల్లో, తర్వాత పెద్ద గొంతులతో. పెద్ద సార్ ఆ పిల్లతో మాట్లాడ్డం మానేసి, ఆ పిల్ల గురించి మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

విచారణ పెట్టిన రోజు పొద్దున్నే, అందరికంటే ముందొచ్చి ఫ్రిజ్ శుభ్రం చేస్తుంటే, ఎలుకలక్కకు తలుపు అర మూల ఆ గొట్టం కనిపించింది. అన్నాళ్లుగా ఎవరూ దాన్ని కదపలేదు. కాగితం విప్పింది. లేత పసుపు ఉండాల్సింది, మురిగిన టీలా ఉంది. స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపటికి లేచి, పక్క గదిలో దీపపు కణాలు పెరుగుతున్న పలక ఒకటి తీసి, ఒక వరస గుంటల్లో కొత్త సీసా చమురు, పక్క వరసలో గొట్టంలోది వేసి, మిషనులో పెట్టింది. ఆ పిల్ల నేర్పిన మిషనే. రెండు వరసల్లోనూ ఒకే కణాలు, ఒకే దీపాలు. కొత్త చమురు వరసలో అంకెలు లక్షల్లో వచ్చాయి. గొట్టం వరసలో పదో వంతు కూడా రాలేదు.

ఈ నెలల్లో గొట్టంలోది ఇంకా పాడై ఉండొచ్చు గానీ, ఆనాడు వేలికి తగిలిన గింజల్ని దీంతో కలిపి చూస్తే అనుమానానికి చోటే లేదు. ఆ కాగితాన్ని, ఆ గొట్టాన్ని తీసుకుని నేరుగా విచారణ గదిలోకి వెళ్తే సరిపోయేది. ఆమె సింకు దగ్గరికి వెళ్లింది. గొట్టం వంచింది. కుళాయి తిప్పి, రంగు పోయేదాకా కడిగింది. అంకెల కాగితం నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. ఆ నిమిషంలో పెద్ద సార్ ముఖం గుర్తొచ్చిందో, పంతొమ్మిదేళ్లలో ఒక్క తప్పూ చేయలేదన్న పేరు గుర్తొచ్చిందో, తమ్ముడికి ఆ నెలలోనే పని పోయిన సంగతి గుర్తొచ్చిందో. అన్నీ కలిసి చేతుల్లోకి వచ్చాయి, కుళాయి తిరిగింది.

పదకొండు గంటలకు ఆమెను విచారణ గది ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. తలుపు సరిగా పడదు ఆ గదికి. లోపలి మాటలు కొన్ని వినిపిస్తున్నాయి. ఆ పిల్ల గొంతు: "నేను ఒక్క ఫొటో కూడా తీసెయ్యలేదు సార్. ఎందుకలా వచ్చిందో నాకు నిజంగా తెలీదు." ఎవరో దగ్గారు. ఇంకెవరో అన్నారు: "తెలీదంటే సరిపోదమ్మా." మళ్లీ ఆ పిల్ల: "తెలిస్తే చెప్పనా?"

తర్వాత ఎలుకలక్కను పిలిచారు. అడిగినవి రెండే ప్రశ్నలు.

"ఫొటోలు తీసింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఆ అమ్మాయి ఏవైనా తీసెయ్యమని చెప్పిందా?"

"లేదండి. ఎప్పుడూ చెప్పలేదండి."

"సరే, వెళ్లు."

చమురు గురించి ఎవరూ అడగలేదు. ఆమె రెండు నిజాలు చెప్పి బయటికొచ్చింది. ఆ రెండు నిజాలూ ఆ పిల్లకు ఎందుకూ కొరగాలేదు. పనివాళ్ల మాటని పక్కన పెట్టేశారు.

పది రోజులకు, తప్పు తనదేనని తేల్చి పొమ్మనేసరికి, కళ్లజోడు అమ్మాయి పుస్తకాలన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుకుంది. "అక్కా, దీనికి కట్టడానికి తాడేదైనా ఉందా?" అంది. ఎలుకలక్క దగ్గర లేకపోవడమేమిటి? అలమారు నిండా దాచిన తాళ్లే. పొడుగైనది ఏరి, అడ్డంగా నిలువుగా చుట్టి, పట్టుకోవడానికి పైన పిడిలా ముడివేసి ఇచ్చింది. ఆ పిల్ల గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

రెండు నెలలకు ఎలుకలక్క ఉద్యోగం మానేసింది. కాగితంలో "సొంత కారణాలు" అని రాసింది. పెద్ద సార్ తలెత్తకుండా సంతకం పెట్టాడు. ఇంట్లో మరదలు నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఏ కారణాలు వదినా? మాకు తెలియని సొంతం మీకెక్కడిది?" అంటూ ఏడ్చింది. తర్వాత తనే వెళ్లి వీధి చివర టైలరమ్మతో మాట్లాడి కాజాల పని ఇప్పించింది. మరదలి మాటలు కారంగా ఉంటాయి గానీ మనసు అలాంటిది.

కాజాలు కుట్టడంలో ఆ చెయ్యి మళ్లీ మంచిపేరు తెచ్చుకుంది. గుండీ రంధ్రం చుట్టూ దారం ఎలుక మీసం మందాన నడుస్తుంది. కానీ టైలరమ్మకు ఒక్కటే బాధ. కాజా అయ్యాక సూదిలో మిగిలిన దారం మూరెడున్నా బారెడున్నా తెంపి పారేస్తుంది.

"ఏమే, నీకేమైనా దారం మిల్లుందా?" అనేది టైలరమ్మ. "అంత దారంతో ఇంకో గుండీ పడుతుంది."

"మిగిలింది మిగిలినట్టు పారెయ్యాలక్కా. దాచకూడదు."

"ఎవరు చెప్పారా శాస్త్రం?"

"గోడ మీద రాసుంది."

టైలరమ్మ గోడల వంక చూసేది. కొలతల పట్టిక తప్ప ఏమీ కనిపించేది కాదు. ఇంట్లోనూ అంతే. సబ్బు బిళ్లలు చెత్తబుట్టలో కనిపించడం మొదలైతే, పెళ్లిళ్లని ఎగతాళి చేసిన మరదలే వాటిని ఏరి తెచ్చి కొత్త సబ్బుకి అతికించేది.

వీధిలో మాటలు ఆమె చెవిన పడకపోలేదు. "నువ్వేదో ఎత్తుకొచ్చావంటున్నారే, కాదని నాలుగు దులపవేం?" అని టైలరమ్మ ఉడుక్కుంటే, "అననీలే అక్కా, అది చిన్న మాటేగా" అని సూదిలో దారం ఎక్కించుకునేది. దొంగ అనిపించుకోవడం ఆమెకు తేలికగానే ఉండేది. ఉత్తరాలు మాత్రం రాసింది, కళ్లజోడు అమ్మాయికి. ఎన్నని లెక్క లేదు. "అమ్మా, నీతో ఒక మాట" అని మొదలయ్యేవి. ఆ మాట దగ్గరే ఆగిపోయేవి. నాలుగు మడతల అంకెల కాగితం మాత్రం పెట్టె అడుగున అలాగే ఉంది. దాచకూడదని నేర్చుకున్నాక కూడా దాచినది అదొక్కటే.

అలా నాలుగేళ్లు గడిచాక, ఒక మధ్యాహ్నం కొట్లోకి ఎవరో వచ్చారు. నల్ల కోటొకటి చేతి మీద వేసుకుని, రెండు గుండీలు ఊడాయని టైలరమ్మకు చూపిస్తున్నారు. ఆ గొంతు విని ఎలుకలక్క తలెత్తింది. కళ్లజోడు మారింది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది.

"గుండీలు నెపం అక్కా," అంది ఆ అమ్మాయి. "నీ కోసమే వచ్చాను."

టైలరమ్మ స్టూలు జరిపింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక బళ్లో పిల్లలకి సైన్సు చెబుతోందట. మాటలు కాసేపు అటూ ఇటూ తిరిగాయి. తమ్ముడు, మరదలు, మోకాళ్ల నొప్పి. ఎలుకలక్క కోటు ఒళ్లో పెట్టుకుని గుండీ కుట్టడం మొదలుపెట్టింది. తలెత్తకుండా ఉండటానికి ఒక పని దొరికింది.

"పోయిన నెల ఆ అట్టపెట్టె విప్పాను," అంది ఆ అమ్మాయి. "నువ్వు కట్టిన ముడి విప్పడానికి అరగంట పట్టింది. కోద్దామంటే మనసొప్పలేదు. నోటు పుస్తకాలన్నీ మళ్లీ చదివాను. ఎన్నిసార్లు చూసినా ఒకటే కనిపిస్తోంది అక్కా. ప్రతి సోమవారం పై అర ముందు, కింది అర తర్వాత. ఒక్క వారం కూడా మారలేదు. వరస మార్చి మార్చి తీయమని చెప్పాల్సింది నేను. అది నా తప్పే, అది నేను ఒప్పుకున్నాను."

సూది బట్టలోకి దిగింది, పైకి వచ్చింది.

"కానీ వరస ఒక్కటే ఉంటే అంత తేడా రాదు. వరసతో పాటు ఇంకేదో మారి ఉండాలి. రెండు అరలకీ పోసింది ఒకే చమురేనా అక్కా?"

చమురు అన్న మాట ఆ పిల్ల నోట విని ఎలుకలక్క చేతులు ఆగిపోయాయి. వాళ్లిద్దరి మాట అది. ఇంకెవరూ అలా అనరు.

"కాదమ్మా," అంది. "మిగిలిన చుక్కలు దాచాను. పారబోయడానికి చేతులు రాలేదు. అవి పాడయ్యాయి. కింది అరకి అవే పోశాను."

టైలరమ్మ మిషను మీది కాలు తీసేసింది.

ఆ అమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. కోపం రాలేదు ఆ ముఖంలోకి. వచ్చి ఉంటే ఎలుకలక్కకు కాస్త సులువుగా ఉండేది.

"తెలియక చేశావు. అది ఎవరైనా చేస్తారు," అంది చివరికి. "ఇంకొక్కటే అడుగుతాను. నిజం చెప్పు అక్కా, నేను బాధపడతానని చూడకు. నన్ను ఆ గదిలో కూర్చోబెట్టి అడిగిన రోజున... అప్పటికి నీకు తెలుసా?"

ఎలుకలక్క సూదిని కోటులో గుచ్చి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"తెలుసమ్మా. తలుపు బయట బల్ల మీదే కూర్చున్నాను. తెలిస్తే చెప్పనా అని నువ్వు అన్నది కూడా విన్నాను."